ఈమెయిల్ సర్వర్ డేటాబేస్ నిర్వహణ: థర్డ్‌పార్టీ సాధనాల అవసరం

ఈమెయిల్ సర్వర్ డేటాబేస్ అంటే ఒక సంస్థకు చెందిన మెయిల్‌బాక్సులను సర్వర్ మీద దాచి ఉంచే నిల్వ. ఉత్తరాలు, వాటికి జతచేసిన ఫైళ్లు, ఫోల్డర్లు, క్యాలెండర్, చిరునామాల జాబితా అన్నీ అందులోనే ఉంటాయి. ఈ నిల్వ చెడిపోకుండా చూడడం, ఖాళీ అయిన చోటును తిరిగి వాడుకోవడం, బ్యాకప్ తీయడం, చెడితే బాగుచేయడం వంటి పనులన్నిటినీ కలిపి డేటాబేస్ నిర్వహణ అంటారు. సర్వర్‌ను తయారుచేసిన సంస్థ దానితోపాటే ఇచ్చే సాధనాలు అంతర్గత సాధనాలు. వేరే సంస్థలు తయారుచేసి విడిగా అమ్మేవి థర్డ్‌పార్టీ సాధనాలు. రోజువారీ నిర్వహణకు ఈ రెండో రకం అవసరమా అన్న ప్రశ్న 1990ల చివరి నుంచి సర్వర్ నిర్వాహకుల మధ్య నలుగుతూ వచ్చింది. జవాబు సర్వర్ రకాన్ని, వెర్షన్‌ను, చేయవలసిన పనిని బట్టి మారుతుంది.

చరిత్ర

తొలి యూనిక్స్ మెయిల్ వ్యవస్థల్లో డేటాబేస్ అనదగినది లేదు. ఒక వాడుకరికి వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే టెక్స్ట్ ఫైలులో ఒకదాని కింద ఒకటి చేరేవి. ఈ పద్ధతిని ఎంబాక్స్ అంటారు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ఆ ఫైలులో రాయబోతే అది చెడిపోయే ప్రమాదం ఉండేది. 1990లలో డేనియల్ జె. బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం రూపొందించిన మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు అయింది.

కార్యాలయాల కోసం వచ్చిన వ్యవస్థలు వేరే దారి పట్టాయి. 1989లో విడుదలైన లోటస్ నోట్స్ సమాచారాన్ని ఎన్ఎస్ఎఫ్ అనే డేటాబేస్ ఫైళ్లలో దాచింది. మైక్రోసాఫ్ట్ 1996లో ఎక్స్ఛేంజ్ సర్వర్ 4.0ను విడుదల చేసింది. దాని నిల్వకు జెట్ బ్లూ అనే ఇంజన్ ఆధారం. తర్వాత అదే ఎక్స్‌టెన్సిబుల్ స్టోరేజ్ ఇంజన్ (ఈఎస్ఈ) అనే పేరుతో స్థిరపడింది. విండోస్ యాక్టివ్ డైరెక్టరీ కూడా ఈ ఇంజన్ మీదే నడుస్తుంది. 2021లో మైక్రోసాఫ్ట్ దీని సోర్స్ కోడ్‌ను బహిరంగంగా విడుదల చేసింది.

థర్డ్‌పార్టీ సాధనాల మార్కెట్ ప్రధానంగా ఎక్స్ఛేంజ్ చుట్టూ పెరిగింది. తొలి స్టాండర్డ్ ఎడిషన్లలో డేటాబేస్ పరిమాణం 16 జీబీ దాటకూడదు. హద్దు దాటితే డేటాబేస్ ఆగిపోయేది. అందువల్ల ఫైలును కుదించడం అప్పటి నిర్వాహకులకు తరచూ తప్పని పని అయింది. ఎక్స్ఛేంజ్ 2003కు 2005లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 ఈ హద్దును 75 జీబీకి పెంచింది. హద్దు పెరగడంతో ఆ అవసరమూ తగ్గింది.

నిర్మాణం, పనితీరు

ఈఎస్ఈ డేటాబేస్ సమానమైన పేజీలుగా విభజించి ఉంటుంది. పేజీ పరిమాణం ఎక్స్ఛేంజ్ 2003 వరకు 4 కేబీ, 2007లో 8 కేబీ, 2010 నుంచి 32 కేబీ. పేజీలు బీ-ప్లస్ చెట్టు అనే శాఖల అమరికలో ఉంటాయి. ప్రతి పేజీకీ చెక్‌సమ్ అనే సరిచూసే సంఖ్య ఒకటి ఉంటుంది. పేజీని డిస్కు నుంచి చదివిన ప్రతిసారీ ఇంజన్ ఆ సంఖ్యను మళ్లీ లెక్కకట్టి, రాసి ఉన్నదానితో పోల్చుతుంది. రెండూ కలవకపోతే మైనస్ 1018 అనే దోష సంఖ్యను నమోదు చేస్తుంది. ఈ దోషానికి కారణం చాలా సందర్భాల్లో డిస్కు, కంట్రోలర్, దాని ఫర్మ్‌వేర్ వంటి హార్డ్‌వేర్ లోపమే.

లావాదేవీ లాగ్‌లు

కొత్త ఉత్తరం వచ్చినప్పుడు సర్వర్ దాన్ని నేరుగా డేటాబేస్ ఫైలులో రాయదు. ముందు లాగ్ ఫైలులో రాసి, తర్వాత తీరిక చూసుకుని డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది. పాత తెలుగు వ్యాపార లెక్కల్లో చిట్టాకూ ఆవర్జాకూ ఉన్న సంబంధం లాంటిదే ఇది. ధర్మవరం పట్టు వ్యాపారి ఆ రోజు అమ్మకాన్ని ముందు చిట్టాలో వరసగా రాసి, తర్వాత ఎవరి ఖాతాకు వారిది ఆవర్జాలో ఎక్కించేవాడు. ఆవర్జా పాడైనా, పాత నకలూ ఆ తర్వాతి చిట్టాలూ ఉంటే లెక్క మళ్లీ కట్టవచ్చు. సర్వర్ కూడా పాత బ్యాకప్‌ను తెచ్చి, దాని తర్వాతి లాగ్‌లను వరసగా నడిపించి డేటాబేస్‌ను చివరి క్షణం దాకా తీసుకురాగలదు. ఎక్స్ఛేంజ్ లాగ్ ఫైలు పరిమాణం 2003 వరకు 5 ఎంబీ, 2007 నుంచి 1 ఎంబీ.

కరెంటు హఠాత్తుగా పోతే లాగ్‌లో ఉండి డేటాబేస్‌లోకి ఎక్కని మార్పులు మిగిలిపోతాయి. ఈ స్థితిని డర్టీ షట్‌డౌన్ అంటారు. దీన్ని గుర్తించడానికి ఎక్స్ఛేంజ్‌తో వచ్చే ఈఎస్ఈయూటిల్ అనే సాధనాన్ని ఎంహెచ్ స్విచ్చితో నడపాలి. తెరమీద కనిపించే పట్టికలో ‘స్టేట్’ అన్న వరస చూడాలి. అక్కడ ‘క్లీన్ షట్‌డౌన్’ అని ఉంటే లాగ్‌లతో పనిలేదు. ‘డర్టీ షట్‌డౌన్’ అని ఉంటే ‘లాగ్ రిక్వైర్డ్’ అన్న వరసలో ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య వరకు లాగ్ ఫైళ్లు కావాలో ఉంటుంది. ఆ ఫైళ్లన్నీ ఉంటే అదే సాధనం ఆర్ స్విచ్చితో వాటిని నడిపించి డేటాబేస్‌ను నిలబెడుతుంది. చాలా సందర్భాల్లో డేటాబేస్‌ను మౌంట్ చేయగానే, అంటే వాడుకకు తెరవగానే, సర్వర్ ఈ పనిని తనంతట తానే చేసుకుంటుంది.

నిర్వహణ పనుల రకాలు

1. ఆన్‌లైన్ నిర్వహణ. సర్వర్ నడుస్తుండగానే గడువు తీరిన ఉత్తరాలను తొలగించడం, పేజీలను సర్దడం. ఎక్స్ఛేంజ్ 2003, 2007లలో దీనికి డిఫాల్ట్ వేళ రాత్రి 1 నుంచి తెల్లవారి 5 గంటల వరకు. 2010 నుంచి పేజీలను సర్దే పని రోజంతా నేపథ్యంలో సాగుతుంది.

2. ఆఫ్‌లైన్ డీఫ్రాగ్. డేటాబేస్‌ను ఆపి, అందులో ఉన్న సమాచారాన్ని కొత్త ఫైలులోకి నకలు చేసి, ఫైలు పరిమాణాన్ని తగ్గించడం.

3. సమగ్రత పరీక్ష. పేజీల చెక్‌సమ్‌లను, పట్టికల మధ్య సంబంధాలను తనిఖీ చేయడం.

4. మరమ్మతు. చెడిన పేజీలను తొలగించి మిగిలినదాన్ని నిలబెట్టడం.

5. బ్యాకప్, పునరుద్ధరణ. పూర్తి డేటాబేస్‌ను గానీ, ఒక మెయిల్‌బాక్సును గానీ, ఒక్క ఉత్తరాన్ని గానీ తిరిగి తెచ్చుకోవడం.

6. వలస. ఒక వెర్షన్ నుంచి మరో వెర్షన్‌కు, లేదా సొంత సర్వర్ నుంచి క్లౌడ్‌కు మెయిల్‌బాక్సులను తరలించడం.

ఖాళీ జాగా, ఆఫ్‌లైన్ డీఫ్రాగ్

ఉత్తరాలను తొలగించినా డేటాబేస్ ఫైలు పరిమాణం తగ్గదు. ఖాళీ అయిన పేజీలు ఫైలు లోపలే ఉండిపోయి, కొత్త ఉత్తరాలకు వాడుకలోకి వస్తాయి. ఎక్స్ఛేంజ్ 2007 వరకు ఈ ఖాళీ జాగా ఎంతో సంఖ్య 1221 గల ఈవెంట్ నమోదులో తెలిసేది. తొలగించిన ఉత్తరాన్ని డిఫాల్ట్‌గా 14 రోజులు, తొలగించిన మెయిల్‌బాక్సును 30 రోజులు సర్వర్ దాచి ఉంచుతుంది కాబట్టి ఆ గడువు తీరేవరకు జాగా ఖాళీ కాదు.

ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ చేయాలంటే కుదించాక మిగిలే పరిమాణానికి 110 శాతం ఖాళీ డిస్కు ఉండాలన్నది సాధారణ సూచన. ఉదాహరణకు 100 జీబీ ఫైలులో 60 జీబీ ఖాళీ ఉంటే మిగిలేది 40 జీబీ. దానికి 44 జీబీ డిస్కు జాగా కావాలి. పని పూర్తయ్యేవరకు ఆ డేటాబేస్‌లోని వారెవరికీ మెయిల్ అందదు. దీన్ని నెలనెలా చేయవలసిన పనిగా మైక్రోసాఫ్ట్ సూచించలేదు. జాగా నిజంగా కావలసి వస్తే కొత్త డేటాబేస్ సృష్టించి, మెయిల్‌బాక్సులను అందులోకి తరలించి, పాతదాన్ని తొలగించడం మేలైన పద్ధతి. ఎక్స్ఛేంజ్ 2010 నుంచి ఈ తరలింపు వాడుకరులు పనిచేసుకుంటుండగానే జరుగుతుంది.

అంతర్గత సాధనాలు

ఎక్స్ఛేంజ్: ఈఎస్ఈయూటిల్ పేజీల స్థాయిలో పనిచేస్తుంది. పాత వెర్షన్లలో ఐఎస్ఇంటెగ్ అనే సాధనం మెయిల్‌బాక్సులు, ఫోల్డర్ల స్థాయిలో తప్పులను సరిచేసేది. 2010 సర్వీస్ ప్యాక్ 1 నుంచి దాని స్థానంలో మెయిల్‌బాక్స్ రిపేర్ రిక్వెస్ట్ అనే పవర్‌షెల్ ఆదేశం వచ్చింది. డేటాబేస్ నడుస్తుండగానే ఈ ఆదేశాన్ని ఇవ్వవచ్చు.

డామినో: లోటస్ నోట్స్ సర్వర్ వైపు రూపమైన డామినోలో ఫిక్సప్, అప్‌డాల్, కాంపాక్ట్ అనే మూడు పనులు మొదటినుంచీ సర్వర్‌లోనే భాగం. లావాదేవీ లాగ్ 1999లో ఐదో విడుదలతో వచ్చింది. 2019లో ఈ ఉత్పత్తి ఐబీఎం నుంచి నోయిడా కేంద్రంగా ఉన్న హెచ్‌సీఎల్ చేతికి వచ్చింది.

డవ్‌కాట్: టిమో సిరాయినెన్ రూపొందించి 2002లో విడుదల చేసిన ఓపెన్‌సోర్స్ సర్వర్. ఇందులో ఇండెక్సు ఫైళ్లు చెడితే సర్వర్ తిరిగి కట్టుకుంటుంది. అవసరమైతే డవ్‌అడ్మ్ ఫోర్స్ రీసింక్ ఆదేశంతో నిర్వాహకుడే కట్టించవచ్చు. ఎండీబాక్స్ పద్ధతి వాడేచోట మాత్రం తొలగించిన ఉత్తరాల జాగా తిరిగి రావాలంటే పర్జ్ ఆదేశాన్ని నిర్ణీత వేళల్లో నడిపేలా నిర్వాహకుడు ఏర్పాటు చేసుకోవాలి.

జింబ్రా: ఉత్తరాల వివరాలు మరియాడీబీ డేటాబేస్‌లో, అసలు ఉత్తరాలు విడి ఫైళ్లుగా ఉంటాయి. రెండింటి మధ్య పొంతన చూసే సాధనం సర్వర్‌తోనే వస్తుంది.

స్వయం మరమ్మతు వ్యవస్థలు

ఎక్స్ఛేంజ్ 2010తో వచ్చిన డేటాబేస్ అవైలబిలిటీ గ్రూప్ (డీఏజీ) నిర్వహణ తీరును మార్చింది. ఒకే డేటాబేస్‌కు వేర్వేరు సర్వర్ల మీద పలు నకళ్లు ఉంటాయి. ఒక గ్రూపులో 16 సర్వర్ల వరకు చేరవచ్చు. ఒక నకలులో పేజీ చెడితే మరో నకలు నుంచి మంచి పేజీని తెచ్చి సర్వర్ తనే అతుకుతుంది. ఒక నకలును 14 రోజుల వరకు వెనకబడి ఉండేలా పెట్టుకుంటే, పొరపాటు అన్ని నకళ్లకూ పాకినా పాత స్థితి అందుబాటులో ఉంటుంది. ఇలాంటి ఏర్పాటు ఉన్న సంస్థలో మరమ్మతు సాధనం చేపట్టవలసిన సందర్భమే అరుదు. ఒకే సర్వర్ ఉన్న చిన్న సంస్థకు ఈ రక్షణ ఉండదు.

థర్డ్‌పార్టీ సాధనాల రకాలు

నిర్వహణను యాంత్రికం చేసేవి: ఇవి ఈఎస్ఈయూటిల్ వంటి అంతర్గత సాధనాలనే నిర్ణీత వేళకు వరసగా నడిపించి, ఫలితాలను నివేదికగా ఇస్తాయి. లూసిడ్8 సంస్థ గోఎక్స్ఛేంజ్ ఈ కోవలో పేరున్నది.

బ్యాకప్ సాధనాలు: వీమ్ వంటి సంస్థలవి. ఒకే బ్యాకప్ నుంచి పూర్తి డేటాబేస్‌నూ, ఒక్క ఉత్తరాన్నీ వెలికితీయగలగడం వీటి ప్రధాన సౌకర్యం.

వెలికితీత సాధనాలు: మౌంట్ కాని డేటాబేస్ ఫైలును నేరుగా చదివి, మెయిల్‌బాక్సులను అవుట్‌లుక్ చదవగల పీఎస్టీ ఫైళ్లుగా మార్చేవి. 1993లో మొదలై గురుగ్రామ్ కేంద్రంగా పనిచేస్తున్న స్టెల్లార్ ఈ రంగంలోని భారతీయ సంస్థల్లో ఒకటి.

వలస, ఆర్కైవ్ సాధనాలు: వేర్వేరు తయారీదారుల సర్వర్ల మధ్య మెయిల్ తరలించేవి, చట్టపరమైన అవసరాల కోసం ఉత్తరాలను విడిగా దాచేవి.

అవసరమా: ఇరుపక్షాల వాదనలు

అవసరమనే పక్షం వాదన ప్రధానంగా మనుషుల కొరత మీద ఆధారపడింది. చిన్న సంస్థలో సర్వర్‌ను చూసే వ్యక్తికి అదొక్కటే పని కాదు. అంతర్గత ఆదేశాలను ఏ వరసలో వాడాలో తెలియక నష్టం తెచ్చుకునే ప్రమాదం ఉంటుంది. ఈఎస్ఈయూటిల్ పీ స్విచ్చి ఇందుకు ఉదాహరణ. అది చదవరాని పేజీలను పారేసి డేటాబేస్‌ను నిలబెడుతుంది. ఆ పేజీల్లోని ఉత్తరాలు పోతాయి. లాగ్‌లు నడిపిస్తే సరిపోయేచోట దీన్ని వాడితే లేని నష్టాన్ని కొనితెచ్చుకున్నట్టే. ఇలా మరమ్మతు చేసిన డేటాబేస్‌ను అలాగే వాడుకలో ఉంచకుండా, మెయిల్‌బాక్సులను కొత్త డేటాబేస్‌కు తరలించాలని మైక్రోసాఫ్ట్ 2015లో తన మద్దతు విధానంలో చేర్చింది.

అక్కరలేదనే పక్షం మూడు కారణాలు చూపుతుంది. మొదటిది, ఆన్‌లైన్ నిర్వహణ చేసే పనికే మళ్లీ డబ్బు పెట్టడం. రెండోది, తరచూ ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ చేస్తే సేవ ఆగుతుంది, అంతకుముందు తీసిన బ్యాకప్‌తో లాగ్‌ల వరస తెగుతుంది, ప్రతిసారీ కొత్తగా పూర్తి బ్యాకప్ తీయవలసి వస్తుంది. మూడోది, మైనస్ 1018 వంటి దోషానికి మూలం డిస్కులో ఉన్నప్పుడు డేటాబేస్‌ను ఎన్నిసార్లు సర్దినా అది మళ్లీ వస్తుంది.

బయటి సాధనం హాని చేసిన సందర్భాలూ ఉన్నాయి. సర్వర్ మీద పెట్టిన సాధారణ యాంటీవైరస్ లాగ్ ఫైలులో వైరస్ ఛాయ కనిపించిందని ఆ ఫైలునే వేరుచేసి దాచేస్తే, తర్వాతి లాగ్‌ల వరస తెగి డేటాబేస్ ఆగిపోతుంది. అందుకే డేటాబేస్, లాగ్ ఫోల్డర్లను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించాలని మైక్రోసాఫ్ట్ సూచనల్లో ఉంది.

బయటి సాధనం దాదాపు తప్పనిసరి అయిన కాలమూ ఒకటుంది. విండోస్ సర్వర్ 2008 రాకతో విండోస్‌తో వచ్చే పాత ఎన్‌టీ బ్యాకప్ సాధనం పోయింది. దాని స్థానంలో వచ్చిన బ్యాకప్ సాధనానికి ఎక్స్ఛేంజ్ డేటాబేస్ గురించి తెలియదు. ఎక్స్ఛేంజ్ 2007ను ఆ విండోస్ మీద నడిపినవారికి 2009లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చేదాకా ఆ లోటు తీరలేదు.

మొత్తం మీద డీఫ్రాగ్, సమగ్రత పరీక్ష వంటి రోజువారీ పనులకు నేటి సర్వర్లలో అంతర్గత సాధనాలు చాలు. బ్యాకప్, ఒక్క ఉత్తరం పునరుద్ధరణ, వేరే సంస్థ సర్వర్‌కు వలస, బ్యాకప్ లేక మౌంట్ కాని ఫైలు నుంచి వెలికితీత అనే నాలుగు సందర్భాల్లో బయటి సాధనానికి చోటుంది. వెలికితీత సాధనం కొనవలసి రావడం సాధారణంగా బ్యాకప్ లోపానికి సూచన.

భారతదేశంలో

దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రారంభించింది. ప్రభుత్వ ఈమెయిల్‌ను 1976లో ఏర్పడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్ఐసీ) నిర్వహిస్తుంది. అధికారిక ఉత్తరాలకు ఈ సేవనే వాడాలన్న కేంద్ర ప్రభుత్వ ఈమెయిల్ విధానం 2015లో వెలువడింది. తర్వాత కేంద్ర ఉద్యోగుల సుమారు 12 లక్షల ఖాతాలు తమిళనాడు కేంద్రంగా ఎదిగిన జోహో సంస్థ వేదిక మీదకు మారాయి.

కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు దాచాలని, సైబర్ సంఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఇక్కడ లాగ్‌లంటే వ్యవస్థలోని రాకపోకల నమోదులు. డేటాబేస్ లావాదేవీ లాగ్‌లు వేరు (చూ. లావాదేవీ లాగ్‌లు).

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, గుడిబండ ప్రాంతం

సంస్థను బట్టి అవసరం ఎలా మారుతుందో చూపడానికి ఈ ప్రాంతం ఒక ఉదాహరణ. ఇది 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇక్కడి సంస్థలను మెయిల్ నిల్వ దృష్టితో మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటి తరగతి ప్రభుత్వ కార్యాలయాలు. కర్ణాటక సరిహద్దున ఉన్న గుడిబండ వంటి మండల కేంద్రంలో ఎన్ఐసీ ఖాతా వాడే కార్యాలయానికి సొంత మెయిల్ డేటాబేస్ ఉండదు. ఉత్తరాలు దూరాన ఉన్న డేటా సెంటర్‌లో ఉంటాయి. అక్కడి సిబ్బంది చూసుకోవలసింది ఖాతా భద్రత, పాస్‌వర్డు, ముఖ్యమైన ఉత్తరాల నకళ్లు.

రెండో తరగతి పెద్ద పరిశ్రమలు. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఏర్పాటైన కియా కార్ల కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ కారు వెలువడింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఇంతటి కర్మాగారాల్లో మెయిల్ నిర్వహణ సాధారణంగా స్థానిక నిర్ణయం కాదు, ప్రధాన కార్యాలయం విధానంలో భాగం.

మూడో తరగతి హిందూపురం చుట్టుపక్కల చిన్న పరిశ్రమలు, ధర్మవరం పట్టు వ్యాపార సంస్థల వంటివి. సొంత డొమైన్ పేరుతో మెయిల్ కావాలనుకునే ఇలాంటి సంస్థకు క్లౌడ్ సేవ తీసుకుంటే డేటాబేస్ నిర్వహణ భారం సేవాదారు మీద పడుతుంది. సొంత సర్వర్ పెట్టుకుంటే ముందుగా కావలసినవి రెండు: సర్వర్‌ను క్రమంగా ఆపేంత సేపు నిలిచే యూపీఎస్, రోజూ తీసి వేరే చోట దాచే బ్యాకప్. కరెంటు పోయినప్పుడు డర్టీ షట్‌డౌన్‌ను మొదటిది నివారిస్తుంది, డిస్కు పోయినప్పుడు రెండోది ఆదుకుంటుంది. ఈ రెండింటి పనిని డీఫ్రాగ్ సాధనాలు చేయలేవు.

సాధనం ఎంపికలో ప్రమాణాలు

బయటి సాధనం కొనేముందు నిర్వాహకులు సాధారణంగా పరిశీలించే అంశాలు ఇవి: ఆ పని అంతర్గత సాధనంతో అవుతుందా, సాధనం తయారీదారు ప్రచురించిన ఇంటర్‌ఫేసుల ద్వారా పనిచేస్తుందా, డేటాబేస్ ఫైలును నేరుగా మారుస్తుందా, అది వాడాక సర్వర్ తయారీదారు మద్దతు కొనసాగుతుందా, అసలు ఫైలు మీద కాక నకలు మీద పరీక్షించే వీలుందా, ఉత్తరాలు సంస్థ దాటి బయటికి వెళ్తాయా. చివరి అంశానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తర్వాత ప్రాధాన్యం పెరిగింది.

ప్రస్తుత స్థితి

ఎక్స్ఛేంజ్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సొంత సర్వర్ కొనసాగించేవారి కోసం 2025 జులైలో సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్ వచ్చింది. క్లౌడ్‌కు మారిన సంస్థలకు డీఫ్రాగ్, చెక్‌సమ్, లాగ్ ఫైళ్లు తెరవెనక పనులయ్యాయి. దానితో థర్డ్‌పార్టీ మార్కెట్ కూడా మరమ్మతు నుంచి క్లౌడ్ మెయిల్ బ్యాకప్, వలస, ఆర్కైవ్ వైపు జరిగింది. తొలగించిన ఉత్తరం నిర్ణీత గడువు దాటితే క్లౌడ్‌లోనూ తిరిగి రాదు. కాబట్టి నకలు ఎక్కడ ఉంది, దాని నుంచి ఉత్తరాన్ని తిరిగి తెచ్చి చూశారా అన్నవి సొంత సర్వర్‌కు వర్తించినట్టే క్లౌడ్‌కూ వర్తిస్తాయి.